పొద్దుట ఏటి తిన్నావు

అది మొదలైంది శనివారం సాయంత్రం నాలుగూ ఇరవైకి, కిందటేడు వానలు పట్టిన కొత్తలో. ఇవాళా శనివారమే. అదే వేళకి పక్కవాటాలో ఫోను మోగితే గ్లాసులో టీ సగం నా చీర మీద పోయింది. వాళ్ళకి వచ్చింది పెళ్ళి సంబంధం కబురట. గోడ పలచన, అంతా వినిపించింది. తేదీలూ వేళలూ తప్పకుండా గుర్తుపెట్టుకుంటానని ఇంట్లో నన్ను వెక్కిరిస్తారు. ఈ ఒక్క వేళని మరిచిపోవాలని చాలా చూశాను. కుదరలేదు.

మా మనవడు, అంటే నా కూతురి కొడుకు, ఆ వేళకి థాయిలాండ్ జట్టులో రగ్బీ ఆడుతున్నాడు. పుట్టింది మాత్రం ఇక్కడే, బర్మాలో, మింగళ తౌంగ్‌న్యున్‌లో, రైలు కూతలు వినిపించే ఈ మూడో అంతస్తు వాటాలోనే. మా ఆయన సేక్కాన్ రేవులో బియ్యం మూటలు మోసే గుంపుకి మేస్త్రీ. ఆయన తండ్రి తెలుగు గడ్డ మీది బారువ నుంచి ఓడెక్కి వచ్చినవాడు. మనవడి భుజాలు కాస్త విచ్చుకోగానే తాత వాడికి బస్తా ఎత్తడం నేర్పాడు. "మెడ మీద కాదురా, బుజం మీద. తల పక్కకెట్టు. మోకాలు దించు" అని ఈ వసారాలోనే అరిచేవాడు. చదువుకునే పిల్లాడికి ఇదెందుకని నేను పోట్లాడేదాన్ని. చివరికి వాడికి పనికొచ్చింది అదే. పంతొమ్మిదో ఏట బ్యాంకాక్ పక్కన చేపల గోదాములో పనికి వెళితే, వాడు మంచుపెట్టెలు మోసే తీరు చూసి, వెనక మైదానంలో ఆ ఆట నేర్పే ఆయన పిలిచాడట. అయిదేళ్ళు ఆ దేశంలోనే ఉన్నవాడిని ఆ దేశం తరఫున ఆడనిస్తారట. ఉన్నాడు, ఆడాడు. క్లబ్బువాళ్ళు ఉద్యోగం ఇచ్చారు. అక్కడ ఉండనిచ్చే కాగితాలు ఆ ఉద్యోగం మీదే నడిచేవి. ఇక్కడేమో ఆ ఈడు కుర్రాళ్ళని తప్పనిసరిగా పటాలానికి పిలుస్తున్న రోజులు. అందుకని మా అమ్మాయి దాన్ని ఎప్పుడూ ఆటలా చూడలేదు. కొడుకు తల మీది కప్పులా చూసింది.

నాకు ఆ ఆట ఎన్నడూ అర్థం కాలేదు. బంతి కోడిగుడ్డులా ఉంటుంది. మనిషి ముందుకు పరిగెత్తాలట, బంతిని మాత్రం వెనక్కే విసరాలట. ఇదేం ఆటరా అంటే, "నువ్వు పబేడాన్‌లో బస్సెక్కడం సూసి కనిపెట్టుంటారే అమ్మమ్మా, అచ్చం అలాగే తోసుకుంతాం" అన్నాడు. వాడిది ముందు వరస. అవతలివాళ్ళ భుజాల సందుల్లో తలలు దూర్చి తోసేవాళ్ళ వరస.

రేవులో ఒక పద్ధతి ఉండేది, అది చెప్పాలి. మూట కింద ఎవడైనా పడితే చెయ్యి పట్టి లేపకూడదు. మేస్త్రీ వచ్చి తల దగ్గర కూర్చుని, రెండు అరచేతులతో ఆ తల కదలకుండా పట్టుకుని మూడు మాటలు అడగాలి. ఏ ఊరు? ఎవరి కొడుకువి? పొద్దుట ఏటి తిన్నావు? క్యారియర్ పట్టుకెళ్ళినప్పుడు నేనూ చూశాను. "మొదటి రెండూ ఎవుడైనా సెప్తాడే, అవి ఎముకల్లో ఉంటాయి. మూడోది సెప్పినోడే లెగాల" అనేవాడు మా ఆయన. మూడోది చెప్పలేనివాడిని తలుపు రెక్క మీద ఆసుపత్రికి మోసుకుపోయేవారు.

ఆ సాయంత్రం మా అమ్మాయి బట్టల కొట్టు నుంచి ముందే వచ్చేసింది. ఫోను బియ్యం డబ్బాకి ఆనించి వాడి ఆట చూస్తున్నాం. ముందు వరసలు కూలాయి. ఒక్కొక్కరే లేచారు. వాడూ లేచాడు, లేచి నాలుగడుగులు నడిచి అవతలి జట్టు మధ్య నిలబడ్డాడు. "ఏటమ్మా, ఈడు అటెళ్ళిపోనాడు!" అని మా అమ్మాయి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎవరో వాడిని భుజం పట్టి బయటికి నడిపించారు. కాసేపటికి ఫోను మోగింది.

వాళ్ళ జట్టులో ఒళ్ళు పట్టే ఆవిడ, ఇక్కడి మౌలమ్యాయిన్ ఊరి మనిషి. బర్మా భాషలో గబగబా చెప్పింది. వాడికి థాయి రావడం లేదట. తను బర్మాలో అడిగినా ఇంకేదో భాషలో జవాబిస్తున్నాడట. అంబులెన్సు వస్తోంది, ఈలోగా వాడేమంటున్నాడో డాక్టరుకి తెలియాలి అంది. తెర మీద వాడి మొహం కనిపించింది. పెదవి చిట్లింది. ఎవరివో రెండు అరచేతులు ఆ తలని కదలకుండా పట్టుకుని ఉన్నాయి, అచ్చం మా ఆయన పట్టుకున్నట్టే.

"అమ్మమ్మా, ఈళ్ళంతా ఎవులు?" అన్నాడు.

వేరే ఏమీ తోచక ఆ మూడే అడిగాను.

"ఏ ఊరు నాయనా నీది?"

"బారువ." కంట చూడని ఊరు. తాత నేర్పిందే.

"ఎవరి కొడుకువి?"

తల్లిపేరూ తండ్రిపేరూ చెప్పాడు.

"పొద్దుట ఏటి తిన్నావురా?"

ఆలోచించాడు. మొహం వెలిగింది. "మొహింగా. కింద బండి కాడనుంచి తాత తెచ్చాడు కదే. మిరపకాయ ఎక్కువేయించాడని తిట్టినావు కూడా."

మొహింగా ఈ ఊరి పొద్దుటి తిండి, చేపపులుసు పోసిన బియ్యపు సేమ్యా. తెచ్చిన మనిషి పోయి అప్పటికి నాలుగేళ్ళు.

మా అమ్మాయి నా కాళ్ళు పట్టుకుంది. "అమ్మా, నీకు దణ్ణం. అన్నీ బాగానే సెప్పాడని సెప్పీయే. తల పాడైందని రాసీసారంటే ఆడినింక ఆడనివ్వరు. ఆట నేకపోతే ఆడు ఇక్కడికే వచ్చీయాల. వస్తే ఏటవుద్దో నీకు తెల్దా?" తెలుసు. ఫోనులో ఆవిడ "ఏమన్నాడు, ఏమన్నాడు?" అని అడుగుతోంది. నా జీవితంలో అంత భయం ఎప్పుడూ పడలేదు. నిజం చెబితే పిల్లాడిని పటాలానికి దగ్గర చేసినట్టు, చెప్పకపోతే ఆ తల ఏమవుతుందో.

"రెండు సరిగ్గా చెప్పాడు. మూడోది తప్పు. చనిపోయిన మనిషి ఇవాళ పొద్దున తిండి తెచ్చాడంటున్నాడు" అన్నాను బర్మాలో. మా అమ్మాయి నా కాళ్ళు వదిలేసి గోడవైపు తిరిగి కూర్చుంది.

తలలో నెత్తురు చేరిందట, కోసి తీసేశారు. మూడు వారాలకి వాడికి థాయి తిరిగొచ్చింది, తాత పోయిన సంగతీ తిరిగొచ్చింది. దానికి రెండోసారి ఏడ్చాడు. క్లబ్బువాళ్ళు పిల్లలకి మెళకువలు నేర్పే పని ఇచ్చి, కాగితాలు ఒక ఏడాదికి పొడిగించారు. ఆ గడువు మళ్ళీ దగ్గరపడుతోంది. శనివారాలు వాడు ఫోను చేసి, నేను అడగకముందే, "గుడ్డూ రొట్టీ తిన్నాను, రాసుకోయే" అంటాడు. నవ్వుతాను. నవ్వుతూనే ఎందుకైనా మంచిదని మళ్ళీ అడుగుతాను.

పోయినవి చెప్పి ఆపుతాను. వాడి కింది వరసలో ఒక పన్ను. ఎడమ చెవి వినికిడి, సగం. ఆట, మొత్తం. మా అమ్మాయి నాతో మాట్లాడని ఒక వానాకాలం. ఒక శనివారం పొద్దుట. ఆ పూట ఏం తిన్నాడో వాడికి ఇప్పటికీ గుర్తు రాలేదు, వేరే ఎవరూ చూడలేదు. దాని జాగాలో మా ఆయన మొహింగా తెచ్చిన పాత పొద్దుటే ఉండిపోయింది.