మంచమెక్కి గానుగకు వెళ్లిన మా తాతయ్య

నా చిన్నప్పుడు చెరుకు కోతలు మొదలయ్యాయంటే మా తాతయ్య ఇంట్లో కనిపించేవాడు కాదు. మాది చోడవరం పక్క పల్లె. చెరుకు కొంత ఫ్యాక్టరీకి తోలి, మిగిలింది మా గానుగలోనే ఆడించి బెల్లం వండేవాళ్లం. మరిగే పాకాన్ని ఎప్పుడు దించాలో చెప్పే పని తాతయ్యది. ముందు దించితే బెల్లం గట్టిపడదు, ఆలస్యమైతే మాడిపోతుంది. ఆయన చల్లటి నీళ్లలో కాస్త పాకం వేసి, వేళ్లతో ఉండ చేసి చూసి, "దించండ్రా" అనేవాడు. ఆ ఒక్క మాట కోసం అంతమందీ ఊపిరి బిగబట్టి నిలబడేవాళ్లు.

ఆయనకు చక్కెర జబ్బు ఉందని డాక్టరు చెప్పినప్పుడు కూడా తాతయ్య నవ్వేశాడు. "బెల్లం ఒండేవోడికి సక్కెర జబ్బేటి బాబూ? వస్తే బెల్లం జబ్బు రావాల గాని" అన్నాడట.

ఒక చలికాలం తెల్లవారుజామున ఆయన బెల్లం పొయ్యి ముందు కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. అరికాళ్లకు ఎప్పటినుంచో స్పర్శ తగ్గింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. కాలు కాలినా ఆయనకు తెలియలేదు. బొటనవేలి కింద బొబ్బ లేచి, పగిలి, పుండైంది. వారాలు గడిచినా మానలేదు. చూడవచ్చినవాళ్లలో ఒకరు పసుపన్నారు, ఒకరు పొగాకన్నారు, ఒకరు వేడి నూనె అన్నారు. పాపం మా నానమ్మ ఎవరినీ నొప్పించలేక అన్నీ వేసింది. పుండు మాత్రం పెద్దదైంది.

పక్కింటి అక్క చోడవరం ఆసుపత్రిలో నర్సు. ఒక సాయంత్రం బస్సు దిగి నేరుగా మా ఇంటికి వచ్చి, ఆ కాలు చూసి, మర్నాడే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. ఆ రోజు నుంచి నానమ్మ వైద్యాలన్నీ బంద్. రోజూ అక్కే వచ్చి పుండు కడిగి, పొడిగా తెల్లటి కట్టు కట్టేది. "కట్టు తడవకూడదు తాతా. కాలు నేల మీద పెట్టకూడదు. నువ్వడుగేసినప్పుడల్లా ఆ పుండు నలుగుతాది. ఇంకెప్పుడు మానుతాది?" అని చెప్పింది. తాతయ్య బుద్ధిమంతుడిలా తలూపాడు.

అక్క అటు డ్యూటీకి వెళ్లగానే ఆయన నన్ను పిలిచాడు. "ఒరే గుంటడా, ఎరువు బస్తాలో ప్లాస్టిక్ కవరుంటాది సూడు, అట్టుకురా. మీ నానమ్మకి సెప్పేవంటే తోలు తీసేస్తాను."

కట్టు మీద ఆ కవరు తొడిగి పురికొసతో బిగించి కట్టింది నేనే. నా భుజం పట్టుకుని ఆయన పెరటి దారిన గానుగకు వెళ్లేవాడు. సాయంత్రం అక్క వచ్చే వేళకు కవరు విప్పేసి, మంచం మీద మూలుగుతూ పడుకునేవాడు. నాకు ఆకులో వేడి వేడి బెల్లం ముట్టేది. ఇంట్లో ఎవరికీ తెలియని రహస్యం తాతయ్య నాకొక్కడికే చెప్పాడని గర్వంగా ఉండేది. నేను ఆయనకు ఎంతో సాయం చేస్తున్నాననే అనుకున్నాను.

కవరు లోపల కాలు చెమటకు నానిపోయింది. ఒక సాయంత్రం కట్టు విప్పిన అక్క ముక్కు చిట్లించింది. పుండు చుట్టూ చర్మం తెల్లగా ఉబ్బి ఉంది.

"ఇదేటి తాతా, కాలు సెరువులో నానబెట్టేవా?"

"సెమటే గుంటా. ఈ యేడు సలికాలం గూడా సెమటొస్తంది."

మర్నాడు డాక్టరు, పుండు ఇలాగే ముదిరితే వేలు తీసేయాల్సి వస్తుందన్నాడు. బొటనవేలు లేకపోతే పాకం మరిగే పెద్ద పెనం అంచున నిలదొక్కుకోవడం ఎలా? తిరుగు ప్రయాణంలో బస్సంతా కబుర్లు చెప్పే మనిషి, కట్టు కట్టిన కాలినే చూసుకుంటూ కూర్చున్నాడు.

నాకు భయమేసింది. ఏడుస్తూ వెళ్లి, గాదె వెనక దాచిన కవరు తెచ్చి అక్క చేతిలో పెట్టాను. చెంప పగులుతుందనుకున్నాను. అక్క ఆ కవరును అటూ ఇటూ తిప్పి చూసింది. "ముడి గట్టిగానే ఏసేవురా" అంది. తర్వాత తాతయ్య పక్కన కూర్చుని, నెమ్మదిగా, "అంత అవసరమేటొచ్చింది తాతా?" అని అడిగింది.

తాతయ్య దూలాల వైపు చూస్తూ, "ఈ మంచం మీద పడుంటే నేనున్నానో పోయేనో గానుగ కాడోళ్లకేటి తెలుస్తాదే?" అన్నాడు.

కవరు సంగతి తెలిశాక ఆయన్ని తిట్టనివాళ్లు ఆ ఇంట్లో లేరు. ఆ ప్రశ్న అడిగింది మాత్రం అక్క ఒక్కతే.

మర్నాడు పొద్దున్నే ఆమె చెరుకు నరికే మనుషులు నలుగురిని వెంటబెట్టుకొచ్చింది. తాతయ్యను మంచంతో సహా ఎత్తించింది. కాలి కింద తలగడ పెట్టి, మంచం మీద ఆయన కాళ్ల దగ్గర నన్ను ఎక్కించి, "ఈ కాలు నేలకి తగిలిందంటే నిన్నే అడుగుతాను" అంది.

"ఒరే, బతికుండగానే మోసేస్తన్నారేట్రా!" అని తాతయ్య కేకలు.

"కదలకు తాతా, పడిపోతే నిజంగానే మొయ్యాల."

మలుపులో ఎదురింటి ముసలమ్మ మంచం చూసి, గుండెలు బాదుకుని ఏడుపు అందుకుంది. తాతయ్య తల పైకెత్తి, "ఒసే, ఆపవే! పాకం సూడ్డానికెళ్తన్నాను" అని అరిచాడు. ఆమె ఏడుపు మధ్యలోనే నవ్వేసింది. వీధి వీధంతా మా వెనకాలే గానుగ దాకా నవ్వుకుంటూ వచ్చింది.

మంచాన్ని పొయ్యికి దూరంగా, నీడలో దించారు. నీళ్ల గిన్నె ఆయన దగ్గరికే వచ్చేది. ఆయన పడుకునే ఉండ చేసి చూసి, "దించండ్రా" అనేవాడు. రుచి చూడబోతే, తీపి ముట్టకూడదని అక్క చెప్పిన మాట నేను గుర్తుచేసేవాడిని. "నాకు పోలీసుని కాపలా ఎట్టింది" అని గొణిగేవాడు. ఆ సీజనంతా అలాగే మోశారు. పుండు అంచులు మెల్లమెల్లగా దగ్గరపడ్డాయి. గానుగ ఆఖరి చెరుకు తినేనాటికి పూడిపోయింది. వేలు దక్కింది. ఆ రోజు ఆయన మెత్తటి చెప్పులేసుకుని, తన కాళ్ల మీద తాను ఇంటికి నడిచి వచ్చాడు.

ఇంత చూసినవాడిని, పెద్దయ్యాక బాగా మరిచిపోయాను. కిందటేడు షుగరుతో మా ఆవిడ మడమకు పుండు పడితే, ఆమె లేచిన ప్రతిసారీ కసిరాను. ఆమె మంచి కోసమేనని నాకు నేను చెప్పుకున్నాను. ఒకరోజు అలా కసిరాక ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. ఆ వీపు చూశాక గాని నాకు సిగ్గేయలేదు. దగ్గరికెళ్లి, ఎందుకు లేస్తున్నావని మొదటిసారి అడిగాను. "నా వంటింట్లో మీరు గిన్నెలు మోగిస్తంటే పడుకోలేకపోతన్నాను" అంది.

వంటింట్లో ఒక కుర్చీ, కాలు చాపుకోవడానికి ఎదురుగా ఒక స్టూలు వేశాను. అక్కడ కూర్చుని ఆమె చెప్పేది, నేను వండేవాడిని. నా చారు తాగి ఆమె పెట్టిన మొహం తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది. పుండు మానింది. అయినా రోజూ స్నానమయ్యాక ఆమె పాదాలు తుడిచి, వేళ్ల సందులు, మడమలు చూస్తాను. చూస్తూ, ఇవాళ ఎక్కడికి వెళ్లాలని ఉందో అడుగుతాను.