వర్ని మిల్లు ఫైర్‌వాల్‌కు తలుపులు మూసిన వైనం

డిగ్రీ పట్టా కొత్తగా చేతికొచ్చిన ఆ రోజుల్లో, లోకమంతా నా కోసమే తప్పులు చేసిపెట్టి ఎదురుచూస్తోందని, వాటిని దిద్దడానికే నేను పొద్దున్నే జక్రాన్‌పల్లిలో బస్సెక్కి నిజామాబాదు పోతున్నానని నాకో గట్టి నమ్మకం ఉండేది. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. అమ్మా, వాడకట్టు ఆడవాళ్లూ బీడీలు చుడుతూ కూర్చుంటే మధ్యలో నిలబడి నెట్‌వర్కు అంటే ఏమిటో ఉపన్యాసం ఇచ్చేదాన్ని (ఎవరూ అడిగిన పాపాన పోలేదు). "నీ బిడ్డకు ఏం నౌకరి?" అని ఎవరన్నా అడిగితే అమ్మ ఒక్క మాట చెప్పేది: "కంప్యూటర్లకు కావలి ఉంటది." నాకు దొరికిన మొదటి ఉద్యోగానికి అంతకంటే గొప్ప బిరుదు ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదు.

పని ఇచ్చినాయనను మేం చాటుగా ఓకే సార్ అనేవాళ్లం. పట్టణంలో కెమెరాలు, కంప్యూటర్లు బిగించే దుకాణం ఆయనది. ఆయన చెయ్యి పడ్డాక ఏ యంత్రమైనా ఓకేనే. పొగ వస్తున్నా ఓకేనే. ఫైర్‌వాల్ అనే పెట్టెను అమ్మడంలో ఆయనంత ధైర్యవంతుణ్ణి నేను చూడలేదు, ఎందుకంటే అదేం చేస్తుందో ఆయనకు తెలియదు. ఆ పెట్టె ఇంటర్నెట్టుకూ మన ఆఫీసుకూ మధ్య గోడ. గోడకు కంటికి కనిపించని తలుపులు వేలల్లో ఉంటాయి. వాటినే పోర్టులంటారు, ఒక్కో పనికి ఒక్కో నంబరు తలుపు. కావలసినవి తెరిచి, తక్కినవి మూసి ఉంచడమే దాని బతుకంతా. మా సారు మాత్రం, ఏదైనా పనిచేయట్లేదని ఎవరు ఫోన్ చేసినా ఇంకో తలుపు తెరిచేవాడు. పద్దులు చూసే అకౌంటెంటు అడిగితే ఒకటి, ఆర్మూరులో ఉన్న అల్లుడు అడిగితే ఒకటి. "అడిగినోళ్లను కాదంటమా పిల్లా, గది మర్యాదేనా?" అనేవాడు. పెళ్లింటికి తలుపులు తీసిపెట్టినట్టు ఊళ్లోని ఫైర్‌వాల్‌లన్నీ తీసిపెట్టాడు మహానుభావుడు.

పని నేర్చుకునే గడువు ముగిసే రోజు నన్ను పిలిచాడు. "వర్ని కాడ సేటు రైసుమిల్లుంది. ఒక్కదానివే పోయి ఫైర్‌వాల్ చెక్ చేసి రా. సేటు మంచిగుందన్నడా, రేపటి సంది నౌకరి పక్కా. లేదా, ఇంట్లనే కూసో." ఇంట్లో కూర్చోవడమంటే నాకు భయం లేదు గానీ, మా అమ్మ వాడకట్టంతా చేసిన ప్రచారం వెనక్కి తీసుకోవడం ఎవరివల్లా కాదు.

మిల్లులో ఫైర్‌వాల్‌కు పసుపు కుంకుమ పెట్టి, పూలదండ వేసి, గాలి ఆడే సందులన్నీ ఆ దండతోనే కప్పేశారు. అది భక్తితో ఉడికిపోతోంది. సారు పద్ధతిలో ముందు ఆఫీసులోనే కూర్చుని, మిల్లు నెట్టు తీగనే ల్యాప్‌టాప్‌కు తగిలించి పరీక్షించాను. అంతా ఓకే! కాకపోతే ఎలా? గోడకు లోపలి వైపు కూర్చుని, బయటి దొంగకు ఏం కనిపిస్తుందో చెప్పగల మేధావులు మా దుకాణంలోనే ఉండేవారు. తర్వాత సేటును అడిగి రోడ్డవతల చాయ్ హోటలుకు పోయి, నా ఫోన్ నెట్టుతో బయటి నుంచి చూశాను. కొట్టిన తలుపల్లా తెరుచుకుంది. ఒక తలుపు వెనకాల ఏకంగా మిల్లు కెమెరాలే ఉన్నాయి. పాస్‌వర్డు ఏమై ఉంటుందా అని, కంపెనీవాడు డబ్బా మీద అచ్చువేసిందే కొట్టాను. తెర మీద ఆఫీసు గది, గదిలో సేటు, సేటు చేతిలో జిలేబి.

హోటలాయన నా భుజం మీదుగా తొంగిచూశాడు. "గీయన మా సేటే గదా! ఓ అన్నా, ఇటు రారి, సేటు సినిమాల వడ్డడు!" చాయ్ తాగుతున్నవాళ్లంతా మూగారు.

నేను వీరావేశంతో మిల్లులోకి ఉరికి, ఎవరినీ ఒక్క మాట అడగకుండా (చదువుకున్నదాన్ని కదా) అవసరం లేదనిపించిన తలుపులన్నీ మూసేశాను. కెమెరాలది కూడా. కాసేపటికే సేటు ఫోన్ మోగింది. మిల్లులో సగం వాటా ఉన్న తమ్ముడు, దుబాయి నుంచి. సేటు స్పీకర్ పెట్టాడు.

"అన్నా, కెమెరాలు ఎందుకు బందు జేసినవ్? నాకు తెల్వకుంట వడ్లు తోలుతున్నవా?"

"నేనేడ బందు జేసిన్రా! కెమెరాలాయన పంపిన పిల్ల ఏందో జేసింది."

"పిల్ల మీదికి ఎందుకు తోస్తున్నవ్? అనుమానమే అక్కెర లేదు. వాటాలు పంచు!"

సేటు రెండో ఫోన్‌లో మా సారును పట్టుకున్నాడు. సారు ఏమాత్రం తడుముకోలేదు. "కొత్త పిల్ల సేట్, దానికేం తెల్వది. రేపటి సంది రాదు. అన్ని తలుపులు నేనే తెరుస్త, ఓకేనా?" నా ఉద్యోగం ఆ ఓకేతో ఊడింది.

ఏడుపొచ్చింది. ఏడుపుకంటే ముందు కోపమొచ్చింది. ఆ ఒక్క తలుపును మళ్లీ తీసి, "సేట్, నౌకరి పోతే పోయింది. జర చాయ్ హోటల్ దాక వస్తరా?" అన్నాను. దుబాయి తమ్ముడు లైన్లో ఉండగానే సేటు వచ్చాడు. నా ఫోన్ తెర మీద తన ఖాళీ కుర్చీ, బల్ల మీద సగం తిన్న పళ్లెం చూసి నోరెళ్లబెట్టాడు.

"గిది నీ ఫోన్లకు ఎట్లొచ్చింది?"

"నాకే గాదు సేట్, లోకంల ఎవరికైనా వస్తది. తాళం మీదనే తాళంచెవి వేలాడుతుంది."

హోటలాయన ఊరుకోలేదు. "ఇందాక మీరు జిలేబి తింటుంటె మేమంత చూస్తిమి సేట్. జర పాకం గూడ అంగీ మీద వడ్డది."

ఫోన్‌లోంచి కేక: "జిలేబా! నేను డ్యూటీల ఉండి కెమెరా చూస్తలేనప్పుడు జిలేబి తింటున్నవా? షుగర్ ఎంతున్నదో యాదికున్నదా? వదినెకు చెప్త ఆగు!"

వడ్లు, వాటాలు ఆ పాకంలో మునిగిపోయాయి. సేటు అంగీ చూసుకున్నాడు, హోటలు చూశాడు, నన్ను చూశాడు. "మూసెయ్ బిడ్డా. అన్నీ మూసెయ్." తమ్ముడికి మాత్రం, తాళంచెవి ఉన్నవాడే రాగల వేరే దారి పెడతానని చెప్పాను. ఇద్దరూ సరేనన్నారు. (సేటు చాటుగా, "గది జర నిమ్మళంగ పెట్టు, తొందరేం లేదు" అన్నాడు.) ఆ తర్వాత మా సారుకు ఫోన్ చేసి ఆయన చెప్పిన మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తు: "గా పిల్లనే పంపు. నువ్వు రాకు."

ఆ సాయంత్రం బస్సు దిగి ఇంటికి పరుగెత్తాను. బీడీల చాటల మధ్య నిలబడి గోడ, తలుపులు, దుబాయి, జిలేబి, అన్నీ ఊపిరాడకుండా చెప్పాను. అమ్మ అంతా విని ఒక్కటే అడిగింది.

"అయితే రేపు గూడ పోతవా?"

"పోత అమ్మా. పక్కా!"

"మరి గది ముందుగాల చెప్పరాదే?" అని నవ్వి, కంచం పెట్టడానికి లేచింది.

ఇప్పుడు హైదరాబాదులో పెద్ద ఆఫీసులో, చల్లటి గదిలో అదే పని చేస్తున్నాను. తెరిచి ఉండకూడనిది కనిపిస్తే మూస్తాను, ఎవరికీ చెప్పను. చెప్పబోయినా పక్క సీటువాళ్ల చెవుల్లో ఏవో పెట్టుకుని ఉంటారు. ఒక్క మిల్లుకు తలుపులేసి దేశాన్ని కాపాడినట్టు ఊరేగిన ఆ పిల్లను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఎక్కడైనా ఎదురుపడితే మాత్రం నవ్వను. కూర్చోబెట్టి, "మల్ల మొదటి సంది చెప్పు పిల్లా" అంటాను.