రాజ్యలక్ష్మి సొరపందిరి, గుల్షన్ గిన్నె

"మీరు మధ్యలో టీ పెట్టడానికి లేచారు గానీ, నా మాట పూర్తి కాలేదు అమలమ్మగారూ. ఖీరు గుల్షన్‌దే. మరి అందులో సొరకాయ ఎవరిది?"

వీధిలో అందరికీ బట్టలు కుట్టే అమలమ్మ మిషను మీద నుంచి తల ఎత్తలేదు. "మీదే. ఎవరు కాదన్నారు?"

"నాదని ఎవరూ అననూ లేదు కదండీ," అంది రాజ్యలక్ష్మి.

మైలవరంలో తన పెరటి సొరపందిరంటే రాజ్యలక్ష్మికి ప్రాణం. కాయలు గుండ్రంగా, నూగుతో, ముట్టుకుంటే కందిపోతాయన్నంత లేతగా ఉండేవి. బజారుకు పట్టుకెళ్తే మాత్రం జనం గోరు గుచ్చి చూసి, "పథ్యం పెట్టడానికి మా ఇంట్లో జ్వరాలెవరికీ లేవమ్మా" అని నవ్వుకుంటూ పోయేవారు. మిగిలిన కాయలు గేదెకు వేసీ వేసీ భర్త రత్తయ్యకు విసుగొచ్చింది. పండగలు వెళ్ళిన రెండో ఆదివారమే పందిరి పీకేసి, ఆ రాటలు పశువుల పాకకు వాడతానని తేల్చేశాడు.

అది రెండువేల అయిదు. దీపావళీ రంజానూ ఒకే వారంలో పడ్డాయి. ఒకసారి రుచి తెలిస్తే కొనక ఏం చేస్తారులే అని, రాజ్యలక్ష్మి నేతిలో సొరకాయ హల్వా చేసి, బెజవాడ నుంచి తెప్పించిన రంగురంగుల అట్టపెట్టెల్లో సర్ది, దీపావళికి ఇంటింటికీ పంచింది. తిన్నవాళ్ళు బాగుందన్నారు. అక్కడితో సరి.

ఆ వెనకే రంజాను వచ్చింది. వీధి చివర ఉండే కాశిం భార్య గుల్షన్, చిన్న వయసుది, రాజ్యలక్ష్మి దగ్గరే కాయలు కొని, పాలలో మరిగించి, జీడిపప్పు వేసి, స్టీలు గిన్నెల్లో ఖీరు పంపింది. ఇక వీధంతా ఒకటే పాట, గుల్షన్ ఖీరు, గుల్షన్ ఖీరు. రాజ్యలక్ష్మి కూడా తింది. తప్పు వెతుకుతూ తింది. గిన్నె అడుగు కనబడేదాకా వెతికినా దొరకలేదు. ఆ గిన్నె తిరిగి ఇవ్వబుద్ధి కాక, కడిగి అటక మీద పడేసింది.

పండగైన వారానికి, నిన్నటికి నిన్న, ఇద్దరు ఆడవాళ్ళు గేటు దగ్గర నిలబడి, "గుల్షన్ ఖీరు సొరకాయలు ఇక్కడేనాండీ?" అని అడిగారు. రాజ్యలక్ష్మికి ఒళ్ళు మండిపోయింది. "గుల్షన్ పేరు మీద కాసే కాయలు మా పెరట్లో లేవు. అక్కడికే వెళ్ళండి" అని గేటు వేసేసింది.

ఆ సంగతి ఇప్పుడు గొప్పగా చెప్పేసరికి అమలమ్మ మిషను ఆపింది.

"వాళ్ళని మీ దగ్గరకి పంపింది గుల్షనేనండీ."

"ఆ పిల్లకేం పనీ?"

"మీ హల్వా తిన్నాం, అట్టపెట్టెలు పారేశాం. ఆ పిల్ల గిన్నె పారేస్తామా, ఖాళీగా ఇస్తామా? నేనూ కజ్జికాయలు వేసుకుని వెళ్ళా. వెళ్ళాక ఖీరు ఎలా చేశావని అడక్కుండా వస్తామా? రాజ్యలక్ష్మి ఆంటీ పందిరి కాయైతేనే అలా వస్తుంది, అక్కడే కొనుక్కోండని గిన్నె తెచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పింది. మీరూ వెళ్ళుంటే తెలిసేది."

రాజ్యలక్ష్మి టీ గ్లాసు పక్కన పెట్టేసింది. రేపే ఆదివారం. రత్తయ్య పొద్దున్నే గునపం తీసి గోడకి ఆనించాడు కూడా.

"నా దగ్గరున్న గిన్నె సంగతి అడిగిందా?"

"అడగదూ మరి? స్టీలుది."

రాజ్యలక్ష్మి లేచి చెప్పులు వేసుకుంది. ఇంటికి వెళ్ళగానే గుల్షన్‌కి ఫోన్ చేయాలి. సాయంత్రం గిన్నెలో హల్వా వేసుకుని వస్తున్నానని చెప్పాలి. ఆ ఇద్దరు ఆడవాళ్ళనీ ఇవాళే మళ్ళీ పంపమనాలి. పాలు ఎంతసేపు మరిగిస్తుందో మాటల్లో పెట్టి రాబట్టాలి. ఖీరు బాగుందని మాత్రం తన నోటితో అనదు.