బాబాయి సెక్షన్‌లో పిన్ని దరఖాస్తు

బాబాయి పోయారని పిన్ని ఫోన్‌లో చెప్పిన తీరు బాబాయికి నచ్చేలాగే ఉంది. "ఇడ్లీ తిన్నారు. చెయ్యి కడుక్కున్నారు. పేపరు మడతపెట్టి కుర్చీలో కూర్చున్నారు. పోయారే అమ్మాయ్," అంది. వరస తప్పలేదు, ఒక్క సంగతీ వదల్లేదు. ఆ తర్వాత ఫోను పక్కింటావిడ చేతికిచ్చేసింది.

ఇది పోయిన నెల మాట. మరణ ధ్రువీకరణ పత్రం కోసం దరఖాస్తు నేనే నింపాను. రెండు చోట్ల కొట్టివేతలు పడ్డాయి. ఆయన ఉండి ఉంటే కొత్త ఫారం తెమ్మనేవారు.

ఇది చదువుతున్న మీకు మా బాబాయి తెలిసే అవకాశం తక్కువ. విజయవాడ నుంచి బస్సులో గంట ప్రయాణం, కాలవ పక్కన ఓ చిన్న మున్సిపాలిటీ. ఊరి పేరు చెప్పను. ఆఫీసు సంగతులు బయట మాట్లాడటం ఆయనకు గిట్టదు. అక్కడ వీధి వ్యాపారుల లైసెన్సులు చూసే సెక్షన్‌కు ఆయన సూపరింటెండెంటు. తోపుడు బళ్ళవాళ్ళు, నెత్తిన గంపతో తిరిగేవాళ్ళు, ఇంటింటికీ వెళ్ళి అమ్మేవాళ్ళు, అందరూ పేరు నమోదు చేయించుకుని ఫొటో ఉన్న గుర్తింపు కార్డు తీసుకోవాలి. ఆ కాగితాలన్నీ బాబాయి బల్ల దాటి వెళ్ళాలి. చాలా కాగితాలు దాటేవి కావు.

ఆయన పెళ్ళి శుభలేఖలను కూడా ఎర్ర పెన్నుతో చదివే మనిషి. నా పెళ్ళి శుభలేఖలో మూడు తప్పులు పట్టి, ముహూర్తం సరిగ్గానే ఉంది కాబట్టి పెళ్ళికి అభ్యంతరం లేదన్నారు. మా ఇంటికి వస్తే సందులో దుప్పట్లవాడు కేకేసినా చాలు, లేచి గేటు దగ్గరికి వెళ్ళేవారు. కొనడానికి కాదు, కార్డు చూడటానికి. "బాబాయ్, ఇది మీ మున్సిపాలిటీ కాదు," అని నేను లాక్కొచ్చేదాన్ని. "ఖాళీ గడి చూస్తే నాకు పంట్లో మామిడి పీచు ఇరుక్కున్నట్టుంటుందే," అనేవారు. పాపం, నిజంగానే బాధపడేవారు.

అటువంటి మనిషి ఇంట్లో పిన్ని ఒకరోజు వ్యాపారం చేస్తానంది.

మంగళగిరి వెళ్ళి నేత గుడ్డ తెచ్చి, వీధి చివర టైలరమ్మ చేత నైటీలు కుట్టించి, ఇల్లిల్లూ తిరిగి అమ్ముతానంది. బాబాయి ఇంకో నాలుగేళ్ళలో రిటైరవుతారు. కూతురు పెళ్ళయి ఏలూరులో ఉంది. "ముప్పై ఏళ్ళు మీ క్యారేజీ కట్టాను. ఇప్పుడు నా మూట నేను కట్టుకుంటాను," అంది పిన్ని. బాబాయి వద్దనలేదు. "కార్డు తీసుకో, తర్వాత తిరుగు," అన్నారు.

"తెలిసినవాళ్ళ ఇళ్ళకేగా వెళ్ళేది. దానికీ కార్డేనా?"

"రూలు చుట్టరికం చూడదు."

పిన్ని సరేనంది. అని, ఆయన ఆఫీసుకు వెళ్ళగానే మూట తీసుకుని బయల్దేరడం మొదలుపెట్టింది. రెండు వారాలు హాయిగా గడిచింది. ఈలోగా బాబాయి తన సిబ్బందికి ఓ ఆర్డరు వేశారు: కార్డు లేకుండా ఇంటింటికీ తిరిగేవాళ్ళను ఆపి, సరుకుతో సహా ఆఫీసుకు తీసుకురండి.

కొత్తగా చేరిన కుర్రాళ్ళిద్దరు బైపాస్ పక్క కాలనీలోకి వెళ్ళారు. మొదట దొరికింది మా పిన్నే. వాళ్ళకు ఈవిడెవరో తెలియదు. ఈవిడా చెప్పలేదు. "ఎందుకు చెప్పలేదు పిన్నీ?" అని తర్వాత అడిగాను. "చెబితే వదిలేస్తారు. వదిలేశారని తెలిస్తే ఆయన నెల రోజులు అన్నం తినరే," అంది.

బాబాయి టీ తాగి వచ్చేసరికి ఆఫీసు వరండాలో నలుగురు కూర్చుని ఉన్నారు. చివరి మనిషి పిన్ని. మూట ఆయన బల్ల మీద ఉంది. బాబాయి ఆవిణ్ణి చూశారు, మూటను చూశారు. ముందున్న ముగ్గుర్నీ వరసగా పిలిచి రాసుకున్నారు. తర్వాత పిన్నిని పిలిచారు.

"పేరు?"

పిన్ని చెప్పింది.

"భర్త పేరు?"

"ఆయన పేరు నా నోటితో చెప్పనండీ. మా ఇంట్లో ఆనవాయితీ."

"గడి ఖాళీగా ఉంచడానికి లేదమ్మా."

"అయితే మీరే రాసుకోండి. మీకు తెలిసే ఉంటుంది."

అప్పటికి పాత అటెండరు ఆవిణ్ణి గుర్తుపట్టి లబోదిబోమన్నాడు. కుర్రాళ్ళిద్దరూ బల్ల దగ్గరికి పరుగెత్తుకొచ్చారు. "సార్, మేడమ్ గారని తెలీక..."

"తెలిసినా తీసుకురావాల్సిందే. మీరు చేసింది కరెక్టు," అన్నారు బాబాయి. తన పేరు తనే ఆ గడిలో రాసుకున్నారు. మొదటి తప్పు కాబట్టి హెచ్చరించి వదిలిపెట్టడమైనది అని ముద్ర వేసి, మూట తిరిగి ఇచ్చినట్టు పిన్ని చేత సంతకం పెట్టించుకున్నారు. పిన్ని మూట చంకన పెట్టుకుని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "వచ్చేటప్పుడు కొత్తిమీర తెండి."

ఆ సాయంత్రం బాబాయి కొత్తిమీర కట్టతో పాటు దరఖాస్తు ఫారం కూడా తెచ్చారు.

మర్నాడు పైఅధికారికి ఓ ఉత్తరం రాశారు. తన భార్య చిరువ్యాపారం చేయదలచినందున ఆ ఫైలు తాను ముట్టుకోననీ, పక్క బల్ల సీనియర్ అసిస్టెంటుకు అప్పగించమనీ. ఆ అసిస్టెంటు బాబాయి దగ్గరే పని నేర్చుకున్న మనిషి. సూపరింటెండెంటు భార్యకు చూసీ చూడనట్టు ఇచ్చేశాడన్న మాట పడకూడదని, ఆ కాగితాన్ని భూతద్దం పెట్టి వెతికినంత పనిచేశాడు.

మొదటి తప్పు బాబాయిదే. అమ్మే సరుకు అన్న గడిలో పిన్ని 'నైటీలు' అని రాయబోతే, అది ఆఫీసు భాష కాదని ఆపి, 'స్త్రీలు రాత్రివేళ ధరించు వస్త్రములు' అని రాయించారు. కాగితం తిరిగొచ్చింది: రాత్రివేళ వ్యాపారమునకు అనుమతి లేదు, వివరణ ఇవ్వవలెను.

"రాత్రివేళ అని ఎవరు రాయమన్నారు మిమ్మల్ని?" అని పిన్ని ఎగిరింది. "ఈ ఊళ్ళో నైటీ పొద్దున్నే వేసుకుని, కూరగాయలు కొని, పిల్లల్ని బస్సెక్కించి, మళ్ళీ పొద్దున దాకా విప్పరు. మీకేం తెలుసు?"

రెండోసారి, వ్యాపారం చేయు స్థలం అన్న గడి. పిన్ని 'ఊరంతా' అని రాసింది. ఊరంతా అనగా ఎచ్చట, అని తిరిగొచ్చింది. మూడోసారి, ఫొటోలో ఎడమ చెవి కనిపించడం లేదు. ఇక బాబాయి ఉండబట్టలేక పక్క బల్ల వైపు వంగి, "చెవి ఎందుకయ్యా?" అన్నారు.

"మీరు పెట్టిన రూలే కదండీ," అన్నాడు అసిస్టెంటు.

పిన్నికి విసుగొచ్చింది. "నేనిక రాను. మూట అటక మీద పెట్టేస్తాను. మీ రూలూ మీరూ చల్లగా ఉండండి," అంది. నవ్వుతూ అనలేదు. ఆ వారం ఇంట్లో మాటల్లేవు. నేను వెళ్ళినప్పుడు నైటీలు మంచం కింద అట్టపెట్టెలో ఉన్నాయి. పిన్ని టీవీ ముందు కూర్చుని ఉంది. టీవీ ఆన్ చేసి లేదు.

అప్పుడు బాబాయి ఒక పూట సెలవు పెట్టి, చెవి కనిపించే ఫొటో అంటించిన ఫారం తీసుకుని, తన ఆఫీసుకే వెళ్ళి, కిటికీ ముందు క్యూలో నిలబడ్డారు. అటెండరు పరుగెత్తుకొచ్చి లోపలికి రమ్మన్నాడు. "ఇవాళ నేను సెలవులో ఉన్నాను. దరఖాస్తుదారు భర్తను," అని పంపేశారు.

ఆ రోజు ఏం జరిగిందో బాబాయే నాకు ఎన్నోసార్లు చెప్పారు. చెప్పిన ప్రతిసారీ కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వేవారు. క్యూలో ఆయన ముందు పూలమ్మే ఆవిడ ఉంది. వెనక సైకిల్ మీద ప్లాస్టిక్ బిందెలు అమ్మే అతను.

"నీకెన్నోసారయ్యా?" అని పూలావిడ అడిగింది.

"నాలుగోసారమ్మా."

"నాకు ఆరు. లోపల ఒకాయనున్నాడంట, పెద్ద కళ్ళద్దాలాయన. చెవి కనపళ్ళేదని నా కాయితం తిప్పికొట్టాడు. పూలమ్ముకునేదానికి చెవెందుకయ్యా?"

బాబాయి మెల్లగా కళ్ళద్దాలు తీసి జేబులో పెట్టుకున్నారు. "అవునమ్మా, చెవెందుకు," అన్నారు.

"ఆయన పెళ్ళాం ఎట్టా వేగుతుందో!" అన్నాడు వెనకతను.

"వేగట్లేదంట," అన్నారు బాబాయి.

ఎండలో రెండు గంటలు నిలబడ్డారు. ఆవిడ బుట్టలో మల్లెపూలు వాడిపోతున్నాయి. గుడ్డ తడిపి కప్పడానికి నీళ్ళు కావాలి, నీళ్ళ కోసం వెళితే క్యూలో చోటు పోతుంది. బాబాయి చోటు కాపలా కాశారు, ఆవిడ కుళాయి దాకా వెళ్ళొచ్చింది. సరిగ్గా వీళ్ళ వంతు వచ్చేసరికి భోజనాల వేళయిందని కిటికీ మూసేశారు. ఆ వేళకు కిటికీ మూయాలని ఆర్డరు వేసిందీ బాబాయే.

ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే మంచం మీద కూలబడ్డారట. "కాళ్ళు లాగేస్తున్నాయే. నాకైతే సెలవుంది. వాళ్ళు వ్యాపారం మానుకుని నిలబడుతున్నారు," అన్నారట. పిన్ని బకెట్‌లో వేణ్ణీళ్ళు తెచ్చి, ఉప్పు వేసి, ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది. వారం తర్వాత వాళ్ళ మధ్య మొదటి మాట ఆ ఉప్పు గురించే. ఎక్కువ వేశావన్నారు ఆయన. కాళ్ళకేగా, నాలుకకు కాదుగా, అంది ఆవిడ.

మర్నాడు బాబాయి తన బల్ల వరండాలోకి మార్పించారు. ఆఫీసంతా గగ్గోలు. పైఅధికారి పిలిచి ఇదేమిటన్నారు. "బల్ల లోపలే ఉండాలని ఎక్కడా లేదండీ. వెతికాను," అన్నారు బాబాయి. రెండు బెంచీలు వేయించారు, కుండలో నీళ్ళు పెట్టించారు. వచ్చినవాళ్ళ ఫారాలు తనే నింపడం మొదలుపెట్టారు. పూలావిడ వచ్చి, అద్దాలు పెట్టుకున్న మనిషిని చూసి బుగ్గలు నొక్కుకుంది.

"నువ్వా!"

"నేనేనమ్మా. కూర్చో."

"చెవి చూపించనా?"

"వద్దు. పేరు చెప్పు."

అప్పట్నుంచి ఆయన నోట ఇంకో మాట వినేవాళ్ళం. "కాగితానికి కళ్ళుండవు. అందుకే మనకు అద్దాలిచ్చారు." ఆయన మారిపోయారనుకునేరు, మారలేదు. ఒక్క గడీ ఖాళీగా వదల్లేదు, ఒక్క కార్డూ ఊరికే ఇవ్వలేదు. దరఖాస్తులో తప్పుంటే మనిషిని తిప్పి పంపకుండా తప్పును తనే దిద్దేవారు, అంతే తేడా. నేను బళ్ళో పాఠం చెబుతాను. పిల్లల నోటుపుస్తకం విసిరి 'మళ్ళీ రాసుకురా' అనబోయినప్పుడల్లా నా ఎడమ చెవి దురద పెడుతుంది. అది ఆయన చలవే.

పిన్ని కార్డు ఆ నెలాఖరుకు వచ్చింది. పూలావిడ కార్డు వచ్చిన తర్వాతే, వరస ప్రకారం. 'సరుకు: నైటీలు. స్థలం: సంచార వ్యాపారం.' పిన్ని దాన్ని మెళ్ళో వేసుకుని అన్నం వండింది, బట్టలు ఆరేసింది, ఆ రాత్రి తీయనంది.

రిటైరయ్యాక బాబాయి ఆవిడ మూట మోశారు. ఇది ఊళ్ళో వింతయింది. పిన్ని ముందు, ఆయన వెనక. కానీ ఏ గేటూ దాటి లోపలికి వెళ్ళేవారు కాదు. "కార్డు దాని పేరు మీదుంది. నేను మోస్తానంతే, అమ్మను," అని రోడ్డు మీదే ఏ చెట్టు నీడనో నిలబడేవారు. మజ్జిగ ఇచ్చినా అక్కడికే తెచ్చివ్వాలి. ఎవరైనా మీడియం సైజు ధర అడిగితే, లోపలికి చెయ్యి చూపించేవారు.

మొన్న పిన్ని ఫోన్ చేసి, "కాలనీకి వెళదాం, నువ్వు మూట పట్టు," అంది. ఆదివారం వెళ్ళాను. మొదటి ఇంటావిడ మమ్మల్ని వరండాలో కూర్చోబెట్టి, పిన్ని చెయ్యి పట్టుకుంది. తర్వాత లోపలికి వెళ్ళి రెండు గ్లాసుల మజ్జిగ తెచ్చింది. ఒకటి పిన్ని ముందు పెట్టింది. రెండోది పట్టుకుని, నన్ను దాటి మెట్లు దిగి, గేటు తీసి, కానుగ చెట్టు నీడ దాకా వెళ్ళింది.

పిన్ని తలెత్తలేదు. మూట ముడి విప్పుతోంది. ఆవిడ గ్లాసు పట్టుకుని ఆ నీడలో అలాగే నిలబడి ఉంది.