బిషప్ దొర పెట్టిన ముద్ద

నా చిన్నప్పుడు మెట్‌పల్లి దగ్గర మా మగ్గాల వాడలో నాలుగిళ్ళ వాళ్ళం క్రీస్తును నమ్ముకున్నాం. ఇంగ్లండు నుంచి వచ్చిన ఆంగ్లికన్ బిషప్ ఏడాదికోసారి మా గుడికి వచ్చేవాడు. పడుచుతనంలో వచ్చి, ఈ జిల్లాల్లో ఎడ్లబండి మీదా సైకిలు మీదా తిరిగి తిరిగి ముసలివాడైపోయాడు. మా మాటే మాట్లాడేవాడు, జొన్నరొట్టె తినేవాడు. బిషప్ దొర అనేవాళ్ళం.

నా తొమ్మిదో ఏట మా అన్న జ్వరంతో పోయాడు. మా వైపు మూడోనాడు పోయినవాళ్ళకు ఇష్టమైనది వండి పిట్టకు పెడతారు. పిట్ట ముడితే వాళ్ళ మనసు నిండినట్టు. అది పాపమని మా పాస్టరయ్య గట్టిగా చెప్పాడు. కానీ జ్వరంలో అన్న అన్నం అడిగితే లంకణమని మా అమ్మ పెట్టలేదు. ఆకలితోనే పోయాడన్న బాధ ఆమెను నిలవనీయలేదు. దొంగచాటుగా పెరట్లో మోదుగాకు మీద అన్నం, పప్పు పెట్టి కూర్చుంది. పొద్దెక్కినా కాకి రాలేదు.

ఏడాది రాకకు ఆ వారమే మా గుడికి వచ్చి ఉన్న దొర, అంతలో పరామర్శకని నేరుగా పెరట్లోకే వచ్చేశాడు. సంఘంలోంచి వెలేస్తాడనుకున్నాను.

"పిట్ట ఇంక రాలేదా అమ్మా? నా తెల్లంగి జూస్తె అసలే రాదు" అని ఆయన గోడ చాటుకు జరిగాడు. కాసేపటికి కాకి వచ్చి ముట్టింది. అమ్మ బావురుమంది.

దొర నెమ్మదిగా వచ్చి, "ఇంకో ముద్ద ఉన్నదా అమ్మా? మా పిలగాడు గూడ గిట్లనే పోయిండు, మా దేశంల. నేను గీడ ఉంటిని. ఓడ దిగెటాలకే మట్టి చేసిండ్రు" అన్నాడు.

తన చేత్తోనే ముద్ద పెట్టాడు. సాయంత్రం దాకా కూర్చున్నాం. దాన్ని ఏ కాకీ ముట్టలేదు. అంత పెద్దమనిషి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆయన్ను ఓదార్చింది మా అమ్మే.

"దూరంకెల్లి రావాలె గద దొరా, జర ఆల్శెమైతది. మీరు ఫికర్ చెయ్యకుండ్రి" అంది.

మరుసటేడు, వయసైపోయిందని ఆయన్ను వాళ్ళ దేశానికి పిలిపించుకున్నారు. మళ్ళీ చూడలేదు.

నాకిప్పుడు డెబ్బై దాటాయి. చావింటికి పోతే వాక్యం చెప్పను. పోయినవాళ్ళు ఏం ఇష్టంగా తినేవారో అడిగి, పక్కన కూర్చుంటాను. అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆమె, ఆ తర్వాత నేను, ఏటా అన్న పోయిన రోజున రెండు ముద్దలు పెడుతూ వచ్చాం. మొదటిది పెట్టి అన్నను పేరు పెట్టి పిలుస్తాను. రెండోది పెట్టి ఏమని పిలవాలో తెలియదు. ఆ పిల్లవాడి పేరేమిటని ఆ రోజు మేమెవ్వరం దొరను అడగలేదు.