ఒకే రోడ్డు మీద మూడు వ్యాన్లు

నేను ఇసిపింగో బడిలో లెక్కలు చెప్పడానికి వచ్చిన ఏడాది మా వీధికి ఉత్తరాలు తెచ్చే జగన్నాథ్‌కు యాభై నిండాయి. మొదటి రోజు కవరు మీద కాకినాడ ముద్ర చూసి, "మీ అమ్మ రాసింది?" అని అడిగాడు. చెరకు తోటల్లో కూలికి ఓడెక్కి వచ్చిన తాతల నాటి తెలుగులో ఆయన దగ్గర మిగిలినవి అలాంటి కొన్ని మాటలే. తన సంగతి మాత్రం ఇంగ్లీషులో, కొన్నేళ్ల పాటు, కొద్దికొద్దిగా చెప్పాడు. కొంత ఆయన భార్య సావీ చెప్పింది.

ఆయన పుట్టింది క్లెయిర్‌వుడ్‌లో. తండ్రి అక్కడ కూరగాయలు పండించేవాడు. ఆ నేల ఫ్యాక్టరీల కిందికి పోయాక కుటుంబం చాట్స్‌వర్త్‌కు మారింది. ఇరవై నాలుగో ఏట జగన్నాథ్ రేవు దగ్గరి తపాలా డిపోలో వ్యాను డ్రైవరుగా చేరాడు.

రోజూ తెల్లవారాక ఆ డిపో నుంచి మూడు వ్యాన్లు దక్షిణానికి బయలుదేరేవి. ఒకటి సముద్రం ఒడ్డున తెల్లవాళ్లుండే ఊళ్లకు, ఒకటి మనవాళ్లుండే ఇసిపింగోకు, ఒకటి నల్లవాళ్లుండే ఉమ్లాజీకి. ఇసిపింగో దాకా మూడింటిదీ ఒకటే రోడ్డు. ఏదీ సగానికి మించి నిండేది కాదు. మనుషుల్ని విడదీసిన చట్టం వాళ్ల ఉత్తరాలను కూడా విడదీసింది. జగన్నాథ్‌ది నడిమి వ్యాను. ముందు వ్యాను వదిలిన పొగ మింగుతూ, తన పొగ వెనకవాడి మీద వదులుతూ వెళ్లేవాడు.

ఆ వెనకవాడు బెకి, జూలూ మనిషి, జగన్నాథ్ కంటే ఆరేళ్లు పెద్ద. ఏళ్ల తరబడి అతని ముఖం రోజూ అద్దంలో కనబడేది. కానీ డిపోలో టీ తాగే గదులు వేరు కాబట్టి ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చున్నది అందరికీ ఓటు వచ్చిన మొదటి ఎన్నికలు అయ్యాకే.

ఆ మరుసటి ఏడు బెరిల్ అనే ఆమె డిపోకు మేనేజరుగా వచ్చింది. అందరినీ ఆవరణలో నిలబెట్టి, బళ్ల డీజిలూ పొగా తగ్గించాలని పైనుంచి ఉత్తర్వు వచ్చిందనీ, ఎవరికైనా ఉపాయం తోస్తే చెప్పమనీ అడిగింది. జగన్నాథ్ చెయ్యెత్తాడు.

"మూడు వ్యాన్లు ఎందుకు మేడమ్? ఒక లారీ చాలు. ఒకే దారిలో మూడు చోట్లా దించుతూ పోవచ్చు."

బెరిల్ రాసుకుంది. రెండు నెలల్లో లారీ వచ్చింది. మొదటి వ్యాను డ్రైవరు అప్పటికే రిటైరయ్యాడు. మిగిలింది ఇద్దరు డ్రైవర్లు, ఒక లారీ. రిజిస్టరు తీశారు. జగన్నాథ్‌ది ఇరవై నాలుగేళ్ల సర్వీసు. బెకి ఆయన కంటే నాలుగేళ్లు ముందే చేరాడు. కానీ పాత పాలనలో చాలాకాలం అతన్ని తాత్కాలిక కూలీగానే రాసి పెట్టారు. కాగితం మీద అతనిది పదకొండేళ్లు. బెకిని బస్తాలు మోసే పనిలో వేశారు.

బెకి తన వ్యాను తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ రోజు నుంచి జగన్నాథ్‌తో మాట్లాడలేదు. లారీలోకి బస్తాలు ఎక్కించేవాడు, తలుపు వేసేవాడు, అంతే.

మూడో ఆదివారం జగన్నాథ్ ఉమ్లాజీ కొండల మీద బెకి ఇల్లు వెతుక్కుంటూ వెళ్లాడు. బెకి కుర్చీ వేశాడు కానీ తను కూర్చోలేదు.

"బాబా, నేను పొగ గురించే ఆలోచించాను. నీ గురించి ఆలోచించలేదు," అన్నాడు జగన్నాథ్, జూలూవాళ్లు పెద్దవాళ్లను పిలిచే పిలుపుతో.

"పొగ గురించి కూడా సగమే ఆలోచించావు," అన్నాడు బెకి. కిందికి, జనాన్ని కుక్కుకుని తిరిగే టాక్సీ వ్యాన్లు ఆగే చోటు వైపు చూపించాడు. "ఈ కొండ మీదికి పోస్ట్‌మన్ రాడు. ఉత్తరం వచ్చిందో లేదో చూడడానికి నా చెల్లెలు వారానికి రెండుసార్లు టాక్సీ ఎక్కి పోస్టాఫీసుకు వెళ్తుంది. ఎక్కువసార్లు ఉత్తి చేతులతోనే వస్తుంది. ఈ కొండల మీద అందరిదీ అదే పని. నువ్వు మూడు బళ్లు లెక్కపెట్టావు. ఈ టాక్సీలను ఎవరు లెక్కపెట్టారు?"

జగన్నాథ్ మర్నాడు బెరిల్ దగ్గరికి వెళ్లి ఆ మాటే చెప్పాడు. కొండల మీద వీధి మలుపుల్లో ఇంటికొకటిగా తాళం పెట్టెలు పెట్టి, మనిషి నడిచి ఉత్తరాలు వేస్తే ఆ టాక్సీ ప్రయాణాలు తప్పుతాయన్నాడు. ఆమె శ్రద్ధగా వింది. లారీ బెకికి ఇమ్మన్నప్పుడు మాత్రం తల అడ్డంగా ఊపింది.

"రిజిస్టరు మార్చే అధికారం నాకు లేదు. నువ్వు దిగితేనే అతను ఎక్కగలడు. ఇసిపింగోలో సైకిలు మీద తిరిగే పని ఒకటి ఖాళీ ఉంది."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. నాలుగు వారాలు నానబెట్టాడు. చివరికి ఇంట్లో చెప్పాడు.

"ఎవరో ఒకరి కోసం బండి దిగుతావా?" అంది సావీ. "ఈ వయసులో సైకిలా? నీ మోకాలేమన్నా బాగుందా?"

"ఎవరో కాదు సావీ. నా వెనక బండి అతను."

సావీ అన్నం వడ్డించి వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ కోపం దీపావళి దాకా పోలేదని ఆమే నాతో అంది.

లారీ వదులుకుంటూ ఆయన సంతకం పెట్టిన రోజు బెకి లారీ పక్కన నిలబడి, "థాంక్స్ చెప్పను. ఇది నాకు ఎప్పుడో రావలసింది," అన్నాడు.

"చెప్పొద్దు," అన్నాడు జగన్నాథ్.

ఆ దారికి అయ్యే డీజిలు సగానికి పైగా తగ్గింది. బెరిల్ పంపిన రిపోర్టులో ఈ ఇద్దరి పేర్లూ లేవు. ఉమ్లాజీలో పెట్టెలు రావడానికి రెండేళ్లు పట్టింది. అవి కూడా ఒక్క పేటలోనే, బెకి ఉండే పేటలో. జగన్నాథ్ మోకాలికి ఆపరేషన్ అయింది.

బండి దిగినందుకు బాధ లేదా అని ఒకసారి అడిగాను.

"ఉంది," అన్నాడు. "నాకు నడపడం ఇష్టం. పొద్దున చేతులు స్టీరింగు కోసం వెతుకుతాయి."

బెకి డ్రైవరుగానే రిటైరయ్యాడు. చివరి రోజు జగన్నాథ్‌ను పక్క సీట్లో కూర్చోబెట్టుకుని వెళ్లాడు. అన్ని చోట్లా బస్తాలు దించాక బెకి తన పేట మీదుగా వెళ్లి తాళం పెట్టెలున్న ఒక మలుపులో లారీ ఆపాడు. ఒక ముసలామె చెప్పులు ఈడ్చుకుంటూ వచ్చి, మెడలో వేలాడుతున్న తాళంచెవితో తన పెట్టె తెరిచింది. లోపల ఒక ఉత్తరం ఉంది. లారీ వైపు చూడనైనా చూడకుండా అక్కడే గోడకు ఆనుకుని దాన్ని చింపి, పెదవులు కదుపుతూ చదువుకుంది. ఆమె చదవడం అయ్యేదాకా బెకి ఇంజను స్టార్ట్ చేయలేదు.