నీలం కోట్లకు ఎరుపు వేయించింది నేనే

మూడేళ్లుగా ఒక మాట దాచుకున్నాను. నా భార్యకు చెప్పలేదు. రూంలో నాతో ఉండేవాళ్లకూ చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఒక మనిషి పొట్ట కొట్టాను. పొరపాటున కాదు, తెలిసే కొట్టాను.

దుబాయ్‌లోని జెబెల్ అలీలో మ్యూజియాలకూ పెద్దవాళ్ల బంగళాలకూ నమూనాలు చేసే వర్క్‌షాపులో నేను సూపర్‌వైజర్ని. కరోనా తగ్గాక ఒక అరబ్బు పెద్దమనిషి వాటర్లూ యుద్ధాన్ని బల్ల మీద నిలబెట్టమన్నాడు. ఫ్రెంచి చక్రవర్తి చివరిసారి ఓడిపోయిన యుద్ధం. బొటనవేలంత సీసపు సైనికులు, వేలల్లో. రంగులేసేవాళ్లలో చాలామందికి ఇంగ్లీషు చదవడం రాదు కాబట్టి ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఇంగ్లండు పక్షం ట్రేకి ఎర్ర డబ్బా, ఫ్రాన్సు పక్షం ట్రేకి నీలం డబ్బా. ఆ పద్ధతి నాదే. దాని మీద నాకు గర్వం కూడా.

రంగులేసేవాళ్లలో పెద్దవాడు గంగారాం. నిర్మల్ మనిషి, కొయ్యబొమ్మలు చేసే ఇంట్లో పుట్టినవాడు. నాకంటే పదేళ్లు పెద్ద. మొదట్లో నన్ను 'తమ్మీ' అనేవాడు; 'సార్' అనమని అందరి ముందూ చెప్పాను. ఎవరి బొమ్మో తెలియకుండా ఆయన దానికి కళ్లు పెట్టడు. ఇంట్లో నేర్పిన అలవాటట. అందుకని పెద్దమనిషి ఇచ్చిన బొమ్మల పుస్తకం ముందు పెట్టుకుని ఒక్కో దళాన్నీ భూతద్దంతో చూసేవాడు. పెద్దమనిషి వచ్చినప్పుడల్లా నన్ను దాటుకుని నేరుగా ఆయన దగ్గరికే వెళ్లి, 'ఉస్తాద్' అని భుజం తట్టేవాడు. నా ఒళ్లు మండిపోయేది. ఎందుకు మండాలి? మా వైపు మనిషే కదా, నాకు పేరు రావాల్సిన చోటే ఆయనకూ వస్తే నాకు తరిగిందేమిటి? అసూయ అంటే సరిపోతుందేమో, నాకు తెలియదు.

ఒకరోజు చూస్తే ఇంగ్లండు పక్షం ట్రేలన్నిటా నీలం కోట్లు. షాపంతా వినేలా అరిచాను.

"గట్ల కాదు సార్," అన్నాడు గంగారాం, పుస్తకం తెరిచి పట్టుకుని. "గీళ్లు హాలెండోళ్లు. కోటు నీలందే గని, టోపీ మీద నారింజ బిళ్ల సూడుండ్రి. మ్యాపుల గూడ ఇంగ్లీషోళ్ల దిక్కే ఉన్నరు. గీళ్లను తీసేస్తే లడాయి సగం ఖాళీ అయితది."

"లడాయి నాకు నేర్పుతున్నవా? నీలమంటే ఫ్రాన్సు. ఖలాస్. అన్ని కడిగి ఎర్రగ ఎయ్యి."

"మూన్నెళ్ల పని సార్..."

"కడుగు."

భోజనాల వేళ ఎవరూ లేనప్పుడు పుస్తకం చదివాను. ఆయన చెప్పిందే నిజం. ఇంగ్లండు పక్షం సైన్యంలో ఇంగ్లండు నుంచి వచ్చినవాళ్లు సగం కూడా లేరు. అసలు యుద్ధానికి రెండు రోజుల ముందు నాలుగు రోడ్ల కూడలిని మొదట పట్టుకుని నిలబడింది హాలెండువాళ్లూ, జర్మనీ వైపు నుంచి వచ్చినవాళ్లూ. తర్వాత పేరంతా ఇంగ్లండు కొట్టేసింది. పుస్తకం మూసేశాను. అప్పుడే వెళ్లి ఆపమంటే సగం బొమ్మలైనా మిగిలేవి. నేను ఆపలేదు. పైగా కుర్చీ తెచ్చుకుని ఎదురుగా కూర్చున్నాను. ఆయన ఒక్కో సైనికుణ్ణీ థిన్నర్‌లో ముంచి, తాను పెట్టిన కళ్లను తానే గుడ్డతో తుడిచాడు. వేళ్ల చర్మం లేచిపోయింది. గ్లవ్స్ స్టోర్‌లో ఉన్నాయి. స్టోర్ తాళం నా జేబులో ఉంది. నాకు హాయిగా అనిపించింది. ఈ ఒక్క వాక్యం రాయడానికే ఇన్నేళ్లు పట్టింది.

అన్నిటికీ ఎరుపు పడ్డాక పెద్దమనిషి వచ్చాడు. బల్ల చుట్టూ తిరిగి, హాలెండువాళ్లు ఏరని ఇంగ్లీషులో అడిగాడు. పక్కనే మా ముదీర్, అంటే మేనేజరు. నేను గంగారాం వైపు వేలు చూపించాను. చదువు రాని మనిషి, వద్దంటున్నా ఎరుపు పూసేశాడని చెప్పాను. గంగారాంకు ఇంగ్లీషు రాదు. ముగ్గురం తన వైపే చూస్తుంటే మెచ్చుకుంటున్నామనుకుని, చేతులు కట్టుకుని నవ్వాడు. తర్వాత ఏమన్నారని నన్నే అడిగాడు. చాలా బాగుందన్నారని చెప్పాను.

వారంలో వీసా క్యాన్సిల్ చేశారు. కంపెనీలో పని తగ్గిందని నేనే చెప్పాను. నీ కోసం ముదీర్ కాళ్లు పట్టుకున్నానని కూడా చెప్పాను. ఆయన నమ్మాడు. ఎయిర్‌పోర్టుకు పోయే ముందు నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. నేను కడిగించడం షాపంతా చూసింది, కానీ వాళ్ల వీసాల రెన్యువల్ కూడా నా మాట మీదే ఉంది కదా, ఎవరూ నోరు విప్పలేదు. నీలం కోట్లు మళ్లీ వేయించాను, గంగారాం అట్ట మీద గీసి పెట్టుకున్న రంగుల పట్టీ చూసే. పెద్దమనిషి ఈసారి నా భుజం తట్టాడు.

గంగారాం ఇప్పుడు నిర్మల్‌లో ఇళ్లకు సున్నాలేస్తున్నాడు. మొన్న శుక్రవారం ఫోన్ చేశాడు. "సార్, గసుంటి పని మళ్ల వస్తే నన్ను యాది చేసుకోండ్రి," అన్నాడు. చూస్తా కాకా, అన్నాను. చూడను. ఆయన ఈ షాపులో మళ్లీ అడుగు పెడితే ఎవరో ఒకరు నిజం చెప్పేస్తారు. ఇంత రాశాక కూడా నా భయం అదే.

క్షమించమని అడగాల్సింది ఆయన్ని. ఆయన్ని అడగలేదు, మీకు చెప్పాను. చెప్పాక గుండె కొంచెం తేలికైంది, నిజమే. ఆ తేలిక కూడా ఆయనకు దక్కాల్సిందే. అదీ నేనే తీసుకున్నాను.